ఆరో సీసా

సీడర్ గ్యాప్‌లో ఎవరినడిగినా డాక్టర్ జసింత్ బరోస్ గురించి ముందు ఒకటే చెబుతారు. చిన్నప్పుడు ఆ పిల్లని డామినోల బల్ల దగ్గరికి రానిచ్చేవారు కాదని. ఆ బల్ల ముప్పై ఎనిమిదేళ్ళుగా నా కొట్టు వరండాలో ఉంది. కాబట్టి ఈ సంగతి చెప్పే హక్కు అందరికన్నా నాకే ఎక్కువ. నా పేరు ఈనిడ్. రమ్ము, ఉప్పుచేప, పిండి, కిరసనాయిలు అమ్ముతాను. నాది మంచి నోరు కాదని ఊళ్ళో అంటారు, నేను కాదనను.

జసింత్‌కి అప్పుడు తొమ్మిదేళ్ళు. తండ్రి యూస్టస్ కుర్చీ వెనక నిలబడి ఆట చూసేది. నలుగురు ఆడతారు, చేతికి ఏడేసి చుక్కల బిళ్ళలు. ఎవరు ఏ బిళ్ళ వేశారో, ఎవరు ఏ అంకెకి వెయ్యలేక "పాస్" అన్నారో అంతా బుర్రలో పెట్టుకుని, ఆట సగంలో ఉండగానే, "లిన్వాల్ అంకుల్ దగ్గర డబుల్ ఫైవ్ ఉంది, దాచుకున్నాడు" అని పైకి అనేసేది. నిజంగానే ఉండేది. లిన్వాల్ బిళ్ళలు బల్ల మీద విసిరికొట్టి, "యూస్టస్, నీ కూతుర్ని ఇంటికి పంపు, లేకపోతే నేనే పోతా" అని గోల చేసేవాడు. యూస్టస్ పైకి కసిరేవాడు గానీ లోపల మురిసిపోయేవాడు. దానికి ఆ విద్య నేర్పింది అతనే.

"వేసిన బిళ్ళ అందరూ చూస్తారు. నువ్వు మాత్రం, పాస్ అన్నవాణ్ణి గుర్తుపెట్టుకో" అని చెప్పేవాడు.

ఆ పిల్ల స్కాలర్‌షిప్ మీద కింగ్‌స్టన్ వెళ్ళింది, అక్కణ్ణుంచి లండన్ వెళ్ళింది, ఆరేళ్ళకి తిరిగొచ్చింది. డాక్టరమ్మ వచ్చిందని మా ఆడవాళ్ళు మోకాళ్ళ నొప్పులు, పిల్లల దగ్గులు వెంటేసుకుని యూస్టస్ ఇంటి ముందు వరస కట్టారు. తను మందులు రాసే డాక్టరు కాదని, సీసాల్లో పనిచేసే డాక్టరని ఆమె చెప్పేసరికి అందరి మొహాలూ వేలాడిపోయాయి. అంత చదువూ దేనికని చాలారోజులు అనుకున్నాం.

ఆమె పని ప్రొస్టేట్ క్యాన్సర్ మీద. మా దీవిలో మగవాళ్ళని ఎక్కువగా పట్టుకుపోయేది అదే. దానికి ఉన్న రక్తపరీక్షని పూర్తిగా నమ్మడానికి లేదట. జబ్బు లేనివాడిని హడలెత్తిస్తుంది, ఉన్నవాణ్ణి ఒక్కోసారి వదిలేస్తుంది. ఇంకో పరీక్ష డాక్టరు వెనకనుంచి వేలితో తడిమి చూడడం. దాని పేరెత్తితే మా మగవాళ్ళు కొండెక్కి దాక్కుంటారు. అందుకని ఆమె మూత్రంలో వెతుకుతోంది. చెడిపోయిన కణం తన లోపలి అణువుల్ని కొన్నింటిని అందులోకి వదులుతుంది. వాటిని మార్కర్లు అంటారు. ఏ మార్కరు ఎంత ఉంటే జబ్బు ఉన్నట్టు, అందులోనూ మా మనుషుల ఒంట్లో ఎంత ఉంటే ఉన్నట్టు, ఇది తేల్చడానికి ఆమె పదకొండేళ్ళు పెట్టింది.

"బయటిదేశాల వాళ్ళు తమ మనుషుల్ని చూసి కట్టిన లెక్కలు మనవాళ్ళకి సరిగ్గా సరిపోవు మిస్ ఈనిడ్" అని ఓసారి నా కౌంటరు మీద మోచేతులాన్చి చెప్పింది. "ఇదీ డామినోల ఆటే. చేతిలో ఏముందో కనపడదు. బల్ల మీద పడ్డదాన్ని చూసి చెప్పాలి."

"అయితే నా బల్ల మీద పోయిస్తావా ఏంటి?" అన్నాను.

ఆమె నవ్వలేదు. పని మీద వేళాకోళం ఆమెకి పడదు.

ఆ పరిశోధనకి నలభై దాటిన మగవాళ్ళు నాలుగువందల మంది కావాలి. ఆసుపత్రి గుమ్మం తొక్కమంటే తొక్కరు. యూస్టస్ ఛాతీ విరుచుకుని, "నా కూతురి పనికి నా బల్ల మొత్తం ఇస్తాం" అని ప్రకటించాడు. బల్ల మొత్తం అంటే ఆరుగురు. నలుగురు ఆడతారు, ఇద్దరు తమ వంతు కోసం కూచుని తప్పులెంచుతారు. ఒక బుధవారం నర్స్ పెర్లీన్ మంచుపెట్టె పట్టుకుని కింగ్‌స్టన్ నుంచి నా కొట్టుకే వచ్చింది. కాగితాల మీద సంతకాలయ్యాయి. చేతికొక సీసా ఇచ్చింది. సీసాల మీద పేర్లుండవు, అంకెలే. లిన్వాల్‌ది ఒకటి, యూస్టస్‌ది ఆరు. నింపుకురావడానికి నా కొట్టు వెనక బాత్రూమ్ చూపించింది.

నేను వెనకవైపు కిటికీ దగ్గర చేపలు తోముతున్నాను. లిన్వాల్ బాత్రూమ్ వైపు వచ్చాడు. అందులో వింత లేదు. రెండేళ్ళుగా అతను ఆట మధ్యలో లేస్తూనే ఉంటాడు. లిన్వాల్ లేచాడంటే పావుగంట అయినట్టే అని బల్ల దగ్గర నవ్వుకునేవాళ్ళు. అతని వెనకాలే యూస్టస్ వచ్చాడు, సీసా అరచేతిలో దాచుకుని.

"నువ్వెలాగూ వెళ్తున్నావుగా. ఇది కూడా నింపిపెట్టు."

"ఏం, నీ పంపు చెడిపోయిందా?"

"ఒరేయ్, అది నా కూతురురా. నా ఉచ్చ పట్టుకెళ్ళి కన్నకూతురి చేతిలో పెట్టనా? అది అద్దాలు పెట్టుకుని అందులోకి చూస్తుంది. రేపు భోజనాల దగ్గర నేను దాని మొహం ఎలా చూడను?"

"అయితే నువ్వే కదా మా అందరి పేర్లూ ఇచ్చింది!"

"పేరివ్వడం వేరు, ఇది వేరు."

లిన్వాల్ తిట్టుకుంటూనే తీసుకున్నాడు. రిటైరైన టీచర్ బార్నబీ ఎప్పుడొచ్చాడో, గొంతు సవరించుకుని, "లిన్వాల్, ఆ నర్సు చెవులు రిక్కించుకుని నిలబడితే నాకు రాదు. నాది కూడా చూడు" అన్నాడు. మిగతా ముగ్గురికీ అంతకన్నా పెద్ద కారణాలేమీ అక్కర్లేకపోయాయి. లిన్వాల్ రెండు గంటల్లో ఆరు సీసాలూ నింపాడు. మధ్యలో నా దగ్గరే మూడు కొబ్బరిబోండాలు తాగాడు. నవ్వాపుకోలేక నా చేతిలో చేప జారిపోయింది. నర్సుకి నేను చెప్పలేదు. చెప్పాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది, అప్పుడు అనిపించలేదు.

ప్రయోగశాలలో సీసాలు ఒకదానికొకటి మారిపోకుండా ప్రతిదానికీ జన్యు ముద్ర తీస్తారు. ఒక మనిషిది ఇంకో మనిషితో కలవదు. సీడర్ గ్యాప్ నుంచి వచ్చిన ఆరింటికీ ఒకటే ముద్ర వచ్చింది. జసింత్ ముందు తన దగ్గర పనిచేసే వాళ్ళ మీద విరుచుకుపడింది. మళ్ళీ చేయించింది. మూడోసారి తనే చేసింది. ఆరూ ఒకే మనిషివి. ఆరింట్లోనూ మార్కర్లు ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ.

అంటే మా బల్ల దగ్గర ఒకడికి జబ్బుంది. ఎవడో తెలీదు. యూస్టస్‌కి ఫోన్ చేస్తే, "ఎవరిది వాళ్ళమే పోశాం తల్లీ, నా మీద ఒట్టు" అన్నాడు.

ఇక్కడ ఆమె చేసిన పని ఒకటుంది. చాలాకాలం తర్వాత నా వంటింట్లో కూచుని చెప్పింది. ఆరుగురిలో ఎవరైనా కావచ్చు, అందులో ఒకరు తన తండ్రి. బిడ్డ ఒంట్లో సగం తండ్రిది ఉంటుంది కదా. పనివాళ్ళంతా వెళ్ళాక తన వేలు తనే సూదితో పొడుచుకుని, తన ముద్ర తీసి, ఆ ఆరింటితో పోల్చింది. అలా చెయ్యడానికి రూల్సు ఒప్పుకోవు. కలవలేదు. ఆ మనిషి యూస్టస్ కాదు. రెండు రోజులుగా ఏమీ తిననిది అక్కడే నిలబడి ఒక బన్ను మొత్తం తినేసిందట. తిన్నాక సిగ్గేసిందట. తన తండ్రి కాకపోతే చిన్నప్పుడు తనని భుజాన మోసినవాళ్ళలో ఇంకొకరు కదా.

శనివారం ఆమె మా ఊరొచ్చింది. తండ్రిని వాటేసుకుంది. ఎప్పుడూ చెయ్యనిది చేసిందే అనుకున్నాను. తర్వాత కుర్చీ లాక్కుని బల్ల పక్కన కూచుంది, బన్ను, చీజు కొనుక్కుని. సీసాల సంగతి నర్స్ పెర్లీన్ ముందే నోరు జారి చెప్పేసింది, అందువల్ల ఆమె ఎందుకొచ్చిందో ఆరుగురికీ తెలుసు. ఎవరు మాటిమాటికీ బాత్రూమ్‌కి లేస్తారా అని చూస్తోంది, అంతే. ఆ జబ్బుకి అదొక గుర్తట.

బార్నబీ లేచాడు. అవసరం లేదు, ఊరికే లేచాడు. వెనక్కి వెళ్ళి రెండు నిమిషాలు నిలబడి వచ్చాడు. అతను రాగానే ఇంకొకరు. ఆ తర్వాత యూస్టస్. గంటలో లిన్వాల్ తప్ప అందరూ రెండేసిసార్లు వెళ్ళొచ్చారు. లిన్వాల్ ఒక్కడే కదలకుండా కూచున్నాడు. నుదుటి మీద చెమట, కాళ్ళు బిగబట్టుకున్నాడు, బిళ్ళలు కూడా సరిగా చూసుకోవడం లేదు. స్నేహితుడి గుట్టు కాపాడుతున్నామని వీళ్ళ నమ్మకం. ఆ జబ్బు వచ్చినవాణ్ణి మా ఊళ్ళో ఇంక మగవాడిగా లెక్కెయ్యరు, అందుకే ఈ నాటకమంతా. నాకు ఒళ్ళు మండింది.

"లిన్వాల్" అన్నాను కౌంటరు మీంచి. "నా గచ్చు పాడుచేశావంటే నీతోనే కడిగిస్తాను. లే."

అతను లేచాడు. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"ఆరూ నావే. అయిదుగురు మగాళ్ళు కలిసి ఒక్క సీసా నింపలేకపోయారు, నేనొక్కణ్ణే ఆరు నింపాను. దాన్ని రోగమంటే నేనేం చెయ్యను?"

ఎవరూ నవ్వలేదు. అతను తిరిగి వచ్చేవరకూ జసింత్ నిలబడే ఉంది. వచ్చాక చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి చాలాసేపు మాట్లాడింది. లిన్వాల్ తలవంచుకుని విన్నాడు. "అంకుల్, ఇంకా ముదరలేదనే అనుకుంటున్నా. మీరొస్తే బతుకుతారు" అన్న ఒక్కమాట నా చెవిన పడింది. తర్వాత బల్ల దగ్గరికొచ్చి అందరి మీదా విరుచుకుపడింది.

"మంగళవారం నర్స్ మళ్ళీ వస్తుంది. ఈసారి ఎవరి సీసా వాళ్ళదే. తలుపు దగ్గర మిస్ ఈనిడ్ కాపలా ఉంటుంది."

"ఈ వయసులో నాకీ ఉద్యోగమా!" అన్నాను. కానీ ఒప్పుకున్నాను.

మంగళవారం నలుగురొచ్చారు. గుమ్మం బయట నేను చెక్కపీట వేసుకుని కూచున్నాను. బార్నబీ, "ఈనిడ్, కాస్త పాట పాడు, నువ్వు వింటున్నావంటే నాకు రాదు" అంటే చర్చి పాట పాడాను. నాలుగు సీసాలూ నిజాయితీగా నిండాయి. నలుగురికీ ఏమీ లేదని తర్వాత తేలింది. లిన్వాల్‌ని అప్పటికే కింగ్‌స్టన్ తీసుకెళ్ళారు. ఆపరేషన్ చేశారు. అతను ఇప్పటికీ నా వరండాలో ఆడుతున్నాడు. ఓడిపోతున్నప్పుడు లేచి వెళ్ళడానికి సాకు లేకుండా పోయిందని ఏడుస్తుంటాడు.

యూస్టస్ మాత్రం ఆ మంగళవారం రాలేదు. కొండ మీద తన కందతోటలో పనుందని పొద్దున్నే వెళ్ళిపోయాడట. నేను జసింత్‌కి ఫోన్ చేశాను.

"మీ నాన్న రాలేదమ్మా."

"పోనీలెండి మిస్ ఈనిడ్. ఆయనకి నా దగ్గర సిగ్గు. తర్వాతి విడతలో చూద్దాం."

గొంతు తేలిగ్గా ఉంది. నేనూ రెట్టించలేదు. ఆరు అని అంకె వేసిన ఖాళీ సీసాని వెనక అరలో, డబ్బాపాల పక్కన పెట్టాను. సరుకు దించుకున్నప్పుడల్లా చేతికి తగిలేది. తుడిచి మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని.

తర్వాతి విడతకి జసింత్ వేరే ఊళ్ళకి వెళ్ళింది. పరిశోధన సాగింది. ఆమె రాసిన వ్యాసం ఏదో పెద్ద పత్రికలో వచ్చిందని యూస్టస్ ఆ కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరికీ చదివి వినిపించాడు. అప్పటికే అతను కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూచుంటున్నాడు. తోటలో జారిపడ్డానని, తుంటి పట్టేసిందని చెప్పేవాడు. వేర్లు మరిగించిన టానిక్కు తాగేవాడు. కొన్నాళ్ళకి నిలబడే ఆడడం మొదలుపెట్టాడు. క్రిస్మస్‌కి వచ్చిన జసింత్ అడిగితే కూడా తోట సంగతే చెప్పాడు. ఆమె నమ్మింది. మేమందరం నమ్మాం.

జూన్‌లో ఒక పొద్దున్న నేను తలుపులు తీస్తుండగానే వచ్చాడు. ఆదివారం టోపీ, ఇస్త్రీ చొక్కా.

"ఈనిడ్, ఆ సీసా ఉందా?"

ఏ సీసా అని అడగలేదు. తీసిచ్చాను. వెనక్కి వెళ్ళాడు. చాలాసేపు పట్టింది. వచ్చేసరికి మొహమంతా చెమట. సీసాలో అడుగున రెండు వేళ్ళ మందం ఉంది.

"ఇంతే వచ్చింది."

"చాలులే" అన్నాను. అది ఎంత కావాలో నాకేం తెలుసు. ఐస్‌క్రీమ్ డబ్బాలో మంచు పోసి, మధ్యలో సీసా పెట్టి మూత బిగించాను. బస్సు కోసం వరండాలో నిలబడ్డాడు. బల్ల మీద నిన్నటి బిళ్ళలు చెల్లాచెదురుగా పడున్నాయి. నిలబడే వాటిని వరసగా పేర్చిపెట్టి, బస్సు రాగానే డబ్బా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి సంగతి జసింత్ చెప్పిందే. ప్రయోగశాల బయట బెంచీ మీద ఎవరో పెద్దాయన ఉన్నాడంటే వచ్చి చూసిందట. ఐస్‌క్రీమ్ డబ్బా రెండు చేతుల్తో అందించాడట.

"ఇది నాదే. లిన్వాల్‌ది కాదు. కావాలంటే చూసుకో."

"నాన్నా, ఇక్కడే ఇవ్వచ్చుగా. మూడు గంటలు బస్సులో తేవడమేంటి?"

"ఇక్కడా? నీ ఆఫీసులోనా? నాకు రాదు."

మూడు రోజులు కూతురి ఇంట్లో ఉన్నాడు. ఆ మూడు రోజులూ ఇద్దరూ చేపలు, బ్రెడ్‌ఫ్రూట్ కాయ ముక్కలు వేయించుకుని తిన్నారు, వాన గురించి మాట్లాడుకున్నారు. ఒకరి మొహం ఒకరు బాగానే చూసుకున్నారు.

యూస్టస్ ఆ తర్వాత రెండేళ్ళున్నాడు. జబ్బు అప్పటికే ఎముకల్లోకి పాకింది. పోయిన తొమ్మిదో రోజు మా ఆనవాయితీ ప్రకారం ఊరంతా నా వరండాలో చేరి, పాటలు పాడి, డామినోలు ఆడారు. జసింత్ ఆడలేదు. నా వంటింట్లోకొచ్చి కూచుంది. వేలు పొడుచుకున్న సంగతి అప్పుడే చెప్పింది.

"ఆ సీసా నాన్నది కాదని తేలగానే నా ప్రాణం లేచొచ్చింది మిస్ ఈనిడ్. నాన్నది కాదంటే అసలు నాన్నది చూడనే లేదని కదా అర్థం. తొమ్మిదేళ్ళప్పుడైతే అది నాకు తెలిసేది. ఆ మంగళవారం ఆయన పాస్ అన్నాడు. నేను పట్టించుకోలేదు."

నేను కూడా పట్టించుకోలేదని చెప్పాను. సీసా తుడిచి తుడిచి అరలో పెట్టింది నేనే. అది ఆమెకి ఓదార్పు అయిందో లేదో తెలీదు. తర్వాత, తండ్రి తన దగ్గరున్న మూడో రోజు గురించి చెప్పింది.

మూడో రోజు మిషన్‌లోంచి కాగితం వచ్చింది. పై వరసలో జన్యు ముద్ర. తండ్రే చూసుకోమన్నాడు కాబట్టి ఈసారి తన ముద్రతో పోల్చడానికి ఆమెకి ఇంకెవరి అనుమతీ అక్కర్లేకపోయింది. సగానికి సగం కలిసింది. కింది వరసలో మార్కర్లు, లిన్వాల్ అంకె కన్నా నాలుగింతలు. కాగితం పట్టుకుని బయటికి వచ్చింది. యూస్టస్ బెంచీ మీంచి లేచి, టోపీ చేతిలోకి తీసుకున్నాడు. నిజం చెప్పినవాడి ధీమాతో అడిగాడట.

"ఏం తల్లీ, నాదేనని తేలిందా?"

"తేలింది నాన్నా" అంది. "నీదే."